వెట్టి మాదిగను కథలోకి తెచ్చిన భాగ్యరెడ్డి వర్మ

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా పల్లెల పేర్ల పక్కన మూడు అక్షరాలు కనిపిస్తాయి: ఏఏడబ్ల్యూ. ఆది ఆంధ్రవాడ అని అర్థం. ఊరు ఒక చోట, వాడ ఇంకో చోట ఉన్నాయని చెప్పే చిరునామా ఇది. పూతలపట్టు చుట్టుపక్కల దళిత కుటుంబాల పిల్లలకు బడిలో పేరు రాయించిన రోజు నుంచి ఈ మాట వెంట వస్తుంది. కుల ధ్రువీకరణ పత్రంలో కొందరికి ఆది ఆంధ్ర అని, తమిళనాడు సరిహద్దు కాబట్టి ఇంకొందరికి ఆది ద్రావిడ అని రాసి ఉంటుంది. ఈ మాట ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఆది ఆంధ్ర అన్న పేరును తెలుగు నేల మీద నిలబెట్టిన సభ 1917లో బెజవాడలో జరిగింది. దానికి అధ్యక్షత వహించిన మనిషికి అప్పటికి 29 ఏళ్లు. ఆయనే మాదరి భాగ్యరెడ్డి వర్మ. సంఘ నిర్మాతగా, బడులు పెట్టినవాడిగా, జోగిని దురాచారం మీద పోరాడినవాడిగా ఆయన మనకు తెలుసు. ఆయన జయంతికి దండలు వేస్తాం, వర్ధంతికి సభలు పెడతాం. ఆయన కథ రాశాడన్న సంగతి మాత్రం ఆ సభల్లో పెద్దగా వినిపించదు. 'వెట్టి మాదిగ' అనే ఆ కథను సాహిత్య పరిశోధకులు తెలుగులో తొలి దళిత కథగా లెక్కిస్తున్నారు.

మంచి కథ రాయడం ఎలా అని మా పాఠకుల్లో రాసే ఆసక్తి ఉన్నవాళ్లు అడుగుతుంటారు. ఎత్తుగడ ఎలా ఉండాలి, ముగింపు ఎక్కడ పెట్టాలి, యాసలో రాయాలా వద్దా అన్నవి వాళ్ల ప్రశ్నలు. వీటికి పుస్తకాల్లో జవాబులున్నాయి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుందని మేం అనుకుంటున్నాం. ఎవరి కథ, ఎవరికి చెబుతున్నాం, ఆ మనిషిని ఏ పేరుతో పిలుస్తున్నాం? భాగ్యరెడ్డి వర్మ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. అందుకే ఆయన జీవితాన్ని ఈసారి కథ నేర్చుకునేవాళ్ల కోసం చెబుతున్నాం.

పేరుతో మొదలైన జీవితం

భాగ్యరెడ్డి వర్మ 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. వాళ్ల కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చాడు. రెడ్డి అంటే రేడు అనీ, ఈ నేలను ముందు ఏలినవాళ్లు మీవాళ్లేననీ ఆయన చెప్పాడు. ఆ రోజుల్లో దళితుల పేర్లు ఎలా ఉండేవో మన పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది. పేరు చివర గౌరవం చేర్చి పిలిచేవాళ్లు కాదు. తాత వయసు వాణ్ని కూడా ఊళ్లో పిల్లలు ఒరే అనే పిలిచేవాళ్లు. అలాంటి కాలంలో ఒక మాల కుర్రవాడికి రేడు అనే అర్థం ఉన్న పేరు రావడం చిన్న సంగతి కాదు.

బతుకుతెరువు కోసం చిన్న వయసులోనే ఒక బారిస్టరు ఇంట పనికి కుదిరాడు. అక్కడ చదువు విలువ, బయటి ప్రపంచపు మాటలు తెలిశాయి. పద్దెనిమిదేళ్లు నిండేసరికి ప్రజల మధ్య పనికి దిగాడు. 1913లో ఆర్యసమాజం వాళ్లు ఆయన సేవను మెచ్చి వర్మ అనే బిరుదు ఇచ్చారు. భాగయ్య, భాగ్యరెడ్డి, భాగ్యరెడ్డి వర్మ. ఇరవై ఐదేళ్లలో ఒక మనిషి పేరు ఇన్ని మెట్లు ఎక్కింది. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారన్న దాంట్లోనే అధికారం ఉందని ఆయనకు సొంత అనుభవంలోనే తెలిసి ఉంటుందని మా నమ్మకం.

హరికథ దగ్గర దొరికిన పాఠం

1906లో ఆయన జగన్మిత్ర మండలి అనే సంస్థ పెట్టాడు. ఆ మండలి పనుల్లో ముఖ్యమైనది హరికథలు చెప్పించడం. దళితవాడల్లో అక్షరం వచ్చినవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కరపత్రం అచ్చు వేస్తే చదివేవాళ్లు లేరు. ఉపన్యాసం ఇస్తే పని నుంచి అలిసి వచ్చిన జనం కునికిపాట్లు పడతారు. కథ చెబితే కూర్చుంటారు. తాగుడు మానమని, పిల్లల్ని బడికి పంపమని, చిన్నపిల్లలకు పెళ్లి చేయవద్దని చెప్పడానికి ఆ మండలి కథను పట్టుకుంది.

హరికథ అంటే ఏమిటో చిత్తూరు జిల్లా పల్లెల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. పగలు ఎండలో కూర్చున్న ముసలమ్మలను, ఒళ్లో పిల్లల్ని పెట్టుకున్న తల్లులను లేవకుండా కూర్చోబెట్టడమే హరిదాసు పని. కథ సాగదీస్తే ఒక్కొక్కరే లేస్తారు. పాత్ర నోట్లో ఆ పాత్రకు తగని మాట పెడితే ముందు వరసలోనే నవ్వులు మొదలవుతాయి. పిట్టకథ ఎక్కడ వేయాలో, మళ్లీ అసలు కథలోకి ఎప్పుడు రావాలో హరిదాసుకు తెలియాలి.

కథ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే గట్టి బడి లేదు. అచ్చులో వచ్చిన కథను పాఠకుడు మధ్యలో వదిలేస్తే రాసినవాడికి తెలియదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు లేచిపోతే వెంటనే తెలుస్తుంది. భాగ్యరెడ్డి వర్మ రాతకు రాకముందు పాతికేళ్లు ఇలా ఎదురుగా జనాన్ని పెట్టుకుని మాట్లాడాడు. 1906 నుంచి 1933 దాకా 3,348 ఉపన్యాసాలు ఇచ్చాడని ఆయన జీవిత చరిత్రలు లెక్క చెబుతాయి. సగటు తీస్తే దాదాపు మూడు రోజులకు ఒకటి. రైలు దిగి, నడిచి, వాడలో చెట్టుకింద నిలబడి మాట్లాడిన రోజులు వాటిలో ఎన్నో ఉంటాయి.

మన పల్లెల్లో కథ చెప్పేవాళ్లు అప్పటికే ఉన్నారన్నది మరచిపోకూడదు. మాదిగల పుట్టుక చెప్పే జాంబపురాణం తరతరాలుగా నోటి మీదే బతికింది. చిందువాళ్లు, డక్కలివాళ్లు దాన్ని మోసుకొచ్చారు. అక్షరం దూరం పెట్టినా కథ మనల్ని వదిలిపోలేదు. భాగ్యరెడ్డి వర్మ ఆ వినే అలవాటును కొత్త పనికి వాడుకున్నాడు.

చదివేవాళ్లను తయారు చేసిన రచయిత

1910లో ఆయన హైదరాబాదులోని ఇసామియా బజారులో, లింగంపల్లిలో దళిత పిల్లలకు బడులు పెట్టాడు. అధికార భాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో తెలుగులో చదువు చెప్పే బడులు అవి. తర్వాత రెండు దశాబ్దాల్లో ఆ బడుల సంఖ్య ఇరవై దాటింది. వేల మంది పిల్లలు అక్కడ అక్షరం నేర్చుకున్నారు. తర్వాత ఆ బడులను నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకుంది.

1911లో మాన్య సంఘం పెట్టాడు. తర్వాత అది ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. హైదరాబాదు చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్ ఆ సంఘం పనికి గుర్తుగా నిలిచింది. జోగిని, బసివి, మురళి పేర్లతో దళిత ఆడపిల్లల్ని దేవతకు ఇచ్చి ఊరి పెద్దల పాలు చేసే ఆచారాన్ని ఆ సంఘం ఎదిరించింది. సొంత వాడలోనే ఆ మాట చెప్పడం అంత సులువు కాదు. దేవత కోపగిస్తుందని భయపడేది మన తల్లులే, ఆ పిల్ల మీద ఊరి పెద్దకు హక్కు ఉందని నమ్మబలికేది ఊరు. రెండింటితోనూ ఒకేసారి మాట్లాడాల్సి వచ్చింది.

తెలుగు రచయితల్లో చాలామందికి చదివేవాళ్లు ముందే ఉన్నారు. గురజాడకైనా, శ్రీపాదకైనా పత్రికలు కొని చదివే ఒక మధ్యతరగతి ఉంది. భాగ్యరెడ్డి వర్మ మాత్రం తన చదువరులను తానే తయారు చేసుకోవాల్సి వచ్చింది. ముందు వినేవాళ్లను కూర్చోబెట్టాడు, తర్వాత వాళ్ల పిల్లలకు బడి పెట్టాడు. ఆ పిల్లలు పెద్దయ్యే వేళకు పత్రిక పెట్టాడు. ఒక కథ అచ్చు కావడానికి వెనుక ఇరవై ఐదేళ్ల పని ఉంది.

బెజవాడలో మారిన మాట

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఆంధ్రదేశపు పంచముల మహాసభ జరిగింది. సభ ఏర్పాట్లు చూసింది గూడూరు రామచంద్రరావు. ఆ మూడు రోజులూ అంటరానివాళ్లు కొండెక్కుతారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని ఆ ఉద్యమ చరిత్రలు చెబుతాయి. అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ముందు ఆ సభ పేరునే ప్రశ్నించాడు. పురాణాల్లో, శాస్త్రాల్లో నాలుగు వర్ణాలే ఉంటే ఐదోవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఈ నేలకు మొదటి మనుషులు మనమే కాబట్టి మన పేరు ఆది ఆంధ్రులు అని ప్రతిపాదించాడు. సభ ఒప్పుకుంది. పంచమ మహాసభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది.

అప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. పంచమ, పరయ లాంటి మాటలు వదిలి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని వాడాలని 1922లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బెజవాడలో పెట్టిన పేరు అలా సర్కారు కాగితాల్లోకి, ఆ కాగితాల నుంచి మన వాడల చిరునామాల్లోకి వచ్చింది. నిజాం రాజ్యంలో కూడా ఆయన ఆగలేదు. 1931 జనగణనలో అక్కడి దళితులను ఆది హిందువులుగా నమోదు చేయించాడు. అంతకు ముందు ఏడాది, లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలకు దళితుల ప్రతినిధిగా డాక్టర్ అంబేడ్కర్ ఉండాలని బలపరిచినవాళ్లలో ఆయన కూడా ఒకడు.

కథకూ దీనికీ సంబంధం ఏమిటని అనుకోవచ్చు. మా లెక్కలో చాలా దగ్గరి సంబంధం ఉంది. కథలో మొదటి వాక్యంలోనే రచయిత ఒక మనిషిని ఏదో ఒక పేరుతో మన ముందుకు తెస్తాడు. ఆ పేరులోనే ఆ మనిషి ఎవరి కళ్లతో కనబడుతున్నాడో తెలిసిపోతుంది. మన గురించి వేరేవాళ్లు రాసిన కథల్లో మనం పనివాడిగా, జీతగాడిగా, తోటిగా వస్తాం. పేరు అవసరమని వాళ్లకు తోచలేదు. పేరు మార్చడం కోసం మూడు రోజులు సభ నడిపిన మనిషి కథ రాయడానికి కూర్చున్నప్పుడు ఏ పేరు పెట్టాడో చూడాలి.

వెట్టి మాదిగ

1931లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' అనే పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రికలోనే 'వెట్టి మాదిగ' వచ్చింది.

ఆ రెండు మాటలూ అప్పటి తిట్లే. వెట్టి అంటే నిజాం రాజ్యంలో కూలి లేని చాకిరి. దేశ్‌ముఖ్‌కు, పటేలు పట్వారీలకు, ఊరికి వచ్చిన ప్రతి అధికారికీ చేయాల్సిందే. దళితుల్లో ఇంటికి ఒక మనిషి చొప్పున వెళ్లాలి. మూటలు మోయాలి, కబురు పట్టుకుని పక్క ఊరికి పరుగెత్తాలి. మాదిగలైతే చెప్పులు, మోట బొక్కెనలు, ఎద్దుల తోలు పట్టీలు ఊరికే కుట్టి ఇవ్వాలి. పని వదిలి వెళ్లినందుకు సొంత కూలి పోతుంది, వెళ్లకపోతే దెబ్బలు పడతాయి. మన చిత్తూరు వైపు వెట్టి అన్న మాటకు ఇంకో అర్థం ఉండేది. ఊరి నౌకర్లలో తలారి ఒకడైతే వెట్టి ఇంకొకడు. చేసేది ఊరి చాకిరీ, చేసేవాళ్లు ఎక్కువగా మనవాళ్లే. నిజాం రాజ్యంలో కొరడా, మద్రాసు రాష్ట్రంలో రిజిస్టరు. పనిలో తేడా పెద్దగా లేదు.

ఇక మాదిగ అన్న మాట. ఊళ్లో ఎవరినైనా అవమానించాలంటే వాడే మాట అది. ఆది ఆంధ్ర, ఆది హిందూ అని గౌరవ నామాల కోసం జీవితమంతా పోరాడిన మనిషి కథకు ఆ గౌరవ నామం పెట్టలేదు. ఊరు ఆ మనిషిని ఏమని పిలుస్తోందో అదే పేరు పైన పెట్టాడు. సభలో పెట్టే పేరు రేపటి కోసం, కథలో రాసే పేరు ఇవాళ్టి నిజం కోసం అన్న తేడా ఆయనకు తెలుసని ఆ శీర్షికే చెబుతోంది. కథ నేర్చుకునేవాళ్లు ముందు ఇది పట్టుకోవాలి. ఉద్యమ నినాదంలో మనల్ని మనం ఎలా పిలుచుకోవాలనుకుంటామో అలా పిలుచుకుంటాం. కథలో మాత్రం మన మనిషి నిలబడ్డ నేల నిజంగా ఎలా ఉందో చూపాలి.

శీర్షికలో ఉన్న మనిషి ఎవరన్నది రెండో సంగతి. 1902లో బండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' రాసింది. 1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. 'దిద్దుబాటు'లో రాముడనే నౌకరు ఉన్నాడు. అర్ధరాత్రి ఇంటికి వచ్చిన యజమానికి జవాబు చెబుతాడు, కథ నడవడానికి సాయం చేస్తాడు. కథ మాత్రం అతనిది కాదు, యజమానిది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలతో దళిత కుటుంబం తెలుగు సాహిత్యం నడుమకు వచ్చింది. అది బయటి నుంచి వచ్చిన ప్రేమ. 'వెట్టి మాదిగ'తో చాకిరీ చేసే మనిషి శీర్షికలోకే వచ్చి కూర్చున్నాడు, రాసిన చేయి కూడా వాడ నుంచి వచ్చింది.

మూడో సంగతి మనలో మనం మాట్లాడుకోవాల్సినది. రాసింది మాల, రాసింది మాదిగ గురించి. మాలల, మాదిగల మధ్య బావుల దగ్గర, బంతి దగ్గర ఎడం ఉందన్నది ఆ రోజుల్లోనూ అందరికీ తెలుసు. వెట్టి తన వాడలోనూ ఉంది, దాన్ని గురించే రాసుకోవచ్చు. ఆయన ఇంకో మెట్టు కిందికి దిగి చూశాడు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన వాడల మధ్య మాటలు పెరిగాయి, కొన్నిచోట్ల మాటలు ఆగిపోయాయి కూడా. ఒకరి కథ ఒకరు రాయవచ్చా అన్న వాదన నడుస్తోంది. రాయవచ్చు, కానీ దానికి ముందు ఆ వాడలో ఎంతకాలం పనిచేశావన్న ప్రశ్నకు జవాబు ఉండాలన్నది భాగ్యరెడ్డి వర్మ జీవితం చెప్పే మాటగా మాకు అనిపిస్తుంది. ఆ జవాబు ఆయన దగ్గర పాతికేళ్ల పని రూపంలో ఉంది. అలాగే ఒకరు రాశారు కదా అని రెండో వాళ్లు ఊరుకోనూ కూడదు. 1997లో రాయలసీమ నుంచే నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథలు తెచ్చాడు. తన వాడ మాటలో, తన పేరు తానే చెప్పుకుంటూ రాశాడు. వెట్టి మాదిగ నుంచి మాదిగోడు దాకా అరవై ఏళ్లకు పైగా పట్టింది.

పూతలపట్టులో రాయాల్సిన కథ

పూతలపట్టు పేరు సాహిత్యంలో కొత్తది కాదు. కంబ రామాయణాన్ని తెలుగు చేసిన పూతలపట్టు శ్రీరాములురెడ్డి ఆ ఊరి పేరును ఇంటిపేరుగా మోశాడు. దగ్గర్లోని దామలచెరువులో పంతులుగా పనిచేస్తూ మధురాంతకం రాజారాం వందల కథలు రాశాడు. ఆయన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఈ జిల్లా పల్లె మాటను అచ్చులో అందరూ ఇష్టపడి చదివేలా చేశాడు. మన యాసలో కథ రాస్తే బయటివాళ్లకు అర్థం కాదన్న భయం ఇక అక్కర్లేదు. రైతు ఇంటి కథ, పంతులు ఇంటి కథ ఈ నేల నుంచి బాగా వచ్చాయి. ఆది ఆంధ్రవాడ కథ అంత రాలేదు.

పూతలపట్టు అసెంబ్లీ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు అయింది. అంతకు ముందు ఈ ప్రాంతంలో వేపంజేరి రిజర్వు స్థానంగా ఉండేది. ఎమ్మెల్యే మనవాడే అయినా మామిడి తోటలో కాయ కోసేవాడి కూలి ఎవరు తేలుస్తున్నారో రాసే కథ కావాలి. తోతాపురి ధర పడిపోయిన ఏడాది రైతు నష్టం పేపర్లో వస్తుంది. ఆ ఏడాది కోత కూలికి పోయిన ఆడమనిషి ఇంట్లో ఏం జరిగిందో కథలో తప్ప ఇంకెక్కడా రాదు.

మాతమ్మ సంగతి కూడా అంతే. చిత్తూరు జిల్లాలో, పక్కనే తమిళనాడు తిరువళ్లూరు వైపు జబ్బు చేసిన మాదిగ ఆడపిల్లను మాతమ్మ దేవతకు మొక్కుకుని వదిలే ఆచారం ఉంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులు ఇచ్చింది. భాగ్యరెడ్డి వర్మ నూరేళ్ల కిందట జోగిని, బసివి పేర్లతో ఎదిరించింది దీన్నే. ఈ విషయం మీద రిపోర్టులు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ ఆడమనిషిని దయతోనో, వింతగానో చూసినవే. ఆమె పొద్దున లేచి ఏం వండుతుంది, కూతురి బడి ఫారంలో తండ్రి పేరు దగ్గర ఏం రాయిస్తుంది, తిరునాళ్లలో పూనకం వచ్చినప్పుడు ఊరి పెద్దను తిట్టగలిగిన నోరు మర్నాడు అదే పెద్దను కూలి డబ్బులు ఎలా అడుగుతుంది? కథ అక్కడ ఉంది.

కథ రాయాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు భాగ్యరెడ్డి వర్మ జీవితం నుంచి మేం తీసిన పని జాబితా చిన్నదే. రాసిన కథను ముందు వాడలో చదివి వినిపించండి. ఎవరు ఎక్కడ లేచి వెళ్లారో గుర్తు పెట్టుకోండి, అక్కడ కథ చెడింది. పెద్దవ్వ నోటి మాటను పుస్తకం మాటగా దిద్దకండి. మనిషిని ఊరు ఏ పేరుతో పిలుస్తుందో ఆ పేరుతో కథ మొదలు పెట్టండి, కథ అయ్యేసరికి చదివినవాళ్లు ఆ పేరును మునుపటిలా పలకలేని పరిస్థితి రావాలి. సంస్కరణ మాటలు మీరు సభలో చెప్పండి. కథ చివర నీతి చెప్పే చోటు హరికథలో ఉంది, చిన్న కథలో లేదు. జరిగింది చూపించి ఆగితే చదివేవాడే మిగతాది చెప్పుకుంటాడు. అచ్చు వేసేవాళ్లు లేరని ఆగకండి. ఆయనకూ ఎవరూ వేయలేదు, తానే పత్రిక పెట్టాడు.

వాడ గురించి మంచే రాయాలన్న ఒత్తిడి మీ మీద వస్తుంది. మన తాగుడు, మన ఇళ్లలో ఆడవాళ్ల మీద పడే దెబ్బలు, ఉపకులాల మధ్య ఎడం రాస్తే బయటివాళ్లకు అలుసవుతామని పెద్దలు అంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు. భాగ్యరెడ్డి వర్మ మాత్రం వాడలోని చెడు గురించి వాడల్లోనే నిలబడి మాట్లాడాడు. అలా మాట్లాడిన మనిషే బయటికి వెళ్లి మన పేరు కోసం పోరాడాడు. లోపల నిజం చెప్పినందువల్ల ఆయన పోరాటం పలచబడలేదు.

1939 ఫిబ్రవరి 18న ఆయన చనిపోయాడు. అప్పటికి 51 ఏళ్లు నిండలేదు. ఆయన పెట్టిన బడుల్లో చదివినవాళ్లు నాయకులయ్యారు, ఉద్యోగులయ్యారు. ఆయన పెట్టిన పేరు మన చిరునామాల్లో, ధ్రువపత్రాల్లో ఉంది. ఆయన రాసిన కథ మాత్రం చాలాకాలం పాత పత్రికల దొంతరల్లోనే ఉండిపోయి, తెలంగాణ సాహిత్య పరిశోధకుల శ్రమతో మళ్లీ చర్చలోకి వచ్చింది. తెలుగు కథ చరిత్ర చెప్పే బడి పుస్తకాల్లో 'దిద్దుబాటు' పక్కన 'వెట్టి మాదిగ' పేరు కూడా ఉండాలి. అది అడగడం మన పని. ఆ తర్వాతి పేరు పూతలపట్టు ఏఏడబ్ల్యూ నుంచి రావాలి. అది రాయడం కూడా మన పనే.